సైట్ టెంప్లేట్ కావాలని అడిగే ముందు: విభాగాధిపతులందరికీ బహిరంగ లేఖ

గౌరవనీయులైన విభాగాధిపతులకు,

నమస్కారం. నేను మన ఆఫీసు ఇంట్రానెట్ (ఆఫీసు లోపలివాళ్లకు మాత్రమే కనిపించే సైట్ల) పనులు చూసే టీమ్‌లో ఉన్నాను. "మా విభాగానికి ప్రత్యేకంగా ఒక సైట్ టెంప్లేట్ తయారు చేసి ఇవ్వండి" అని మీరు పంపే రిక్వెస్టులన్నీ చివరికి చేరేది మా టేబుల్ మీదికే. టెంప్లేట్ అంటే ఒకే రకం సైట్లు మళ్లీ మళ్లీ తయారు చేయడానికి వాడే అచ్చు. విడివిడిగా జవాబులు రాయకుండా అందరికీ కలిపి రాయడానికి కారణం ఉంది. ఇందులో నేను అడగబోయేది ఒక్క విభాగం మార్చుకుంటే సరిపోయేది కాదు, అందరూ ఒకరి మాట ఒకరు వినాల్సిన విషయం.

ముందుగా ఒక మాట. మీ అవసరం నిజమైనదే. కొత్త ప్రాజెక్టు మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు ఖాళీ సైట్ ముందు కూర్చుని లైబ్రరీలు (ఫైళ్లు పెట్టుకునే చోట్లు), లిస్టులు, మెనూ ఒక్కొక్కటీ పేర్చుకోవాల్సి వస్తోంది. ఒక ప్రాజెక్టులో మీటింగ్ మినిట్స్ ఒక చోట ఉంటే ఇంకో ప్రాజెక్టులో ఇంకో చోట ఉంటాయి. టీమ్ మారిన మనిషి మొదటి వారమంతా "ఫలానా ఫైలు ఎక్కడ పెట్టారండీ?" అని పక్కవాళ్లను అడుగుతూ తిరగాలి. మంచి టెంప్లేట్ ఉంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

నా ఇబ్బంది అల్లా రిక్వెస్టులో ఉండే విషయం గురించే. అందులో రంగులు ఉంటాయి, లోగో ఎంత పెద్దగా ఉండాలో ఉంటుంది, ఎక్కడో చూసిన ఒక సైట్ స్క్రీన్‌షాట్ ఉంటుంది, గడువు తేదీ తప్పకుండా ఉంటుంది. మీ మనుషులు రోజూ చేసే పని మాత్రం ఉండదు. ఏ పని మళ్లీ మళ్లీ వస్తుంది, అందులో ప్రతిసారీ మారనిది ఏది, మారేది ఏది, ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు, పని ముగిశాక ఆ సైట్ ఏమవ్వాలి అన్న మాట ఎక్కడా కనపడదు. టెంప్లేట్‌కు కావాల్సిందంతా అదే. దాన్ని మేము ఊహించి రాయలేం, ఊహించి రాసినా తప్పుతుంది.

ఈ ప్లానింగ్‌కు నేను ఇంత పట్టుబట్టడానికి కారణం టెంప్లేట్ పనిచేసే తీరులోనే ఉంది. ఇటుకల అచ్చును మార్చినంత మాత్రాన కట్టేసిన గోడలో ఇటుకలు మారవు కదా, ఇదీ అంతే. ఆఫీసు సైట్లు కట్టుకోవడానికి మనలాంటి ఆఫీసులు చాలా చోట్ల వాడే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ షేర్‌పాయింట్‌నే తీసుకోండి. టెంప్లేట్‌తో ఒక సైట్ తయారైన క్షణం నుంచి ఆ సైట్ బతుకు దానిదే. తర్వాత మీరు టెంప్లేట్‌లో ఒక కాలమ్ చేర్చినా, మెనూ మార్చినా, ఆ మార్పు అంతకు ముందు పుట్టిన సైట్లకు దానంతట అది చేరదు. కొత్తగా పుట్టేవాటికే వర్తిస్తుంది. పాతవాటిని సరిచేయాలంటే ఒక్కొక్క సైట్ తెరిచి చేత్తో మార్చాలి, లేదా అందుకోసం విడిగా స్క్రిప్ట్ (ఆ మార్పులను వరుసగా చేసే చిన్న ప్రోగ్రాం) రాసి నడపాలి. ఈలోగా ఆ సైట్ల ఓనర్లు తమకు నచ్చినట్టు పేర్లు మార్చుకుని ఉంటారు, కాలమ్స్ తీసేసి ఉంటారు, కాబట్టి ఆ స్క్రిప్ట్ కూడా అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. "ముందు ఏదో ఒకటి ఇచ్చేయండి, తర్వాత చూసి మార్చుకుందాం" అన్న మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ మొదలయ్యేది అందుకే.

కొన్ని నిర్ణయాలైతే తర్వాత మార్చుకునే వీలు కూడా ఉండదు. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా నడిచే షేర్‌పాయింట్‌లో, సైట్ తయారు చేసేటప్పుడు దాని ప్రధాన భాష ఏదో ఎంచుకుంటాం. ఒకసారి ఎంచుకున్నాక దాన్ని మార్చలేం. వేరే భాషలను అదనంగా చేర్చుకోవచ్చు గానీ ఆ మొదటి భాష అలాగే ఉంటుంది. మీ విభాగంలో ఇంగ్లిష్‌లో పనిచేసేవాళ్లు ఎంతమంది, తెలుగులో చదివితేనే హాయిగా ఉండేవాళ్లు ఎంతమంది అన్నది రిక్వెస్టు రాసే ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

కాలమ్ పేర్ల సంగతి ఇంకా లోతైనది, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. లిస్టులో ఒక కాలమ్ సృష్టించినప్పుడు దానికి రెండు పేర్లు వస్తాయి. ఒకటి తెర మీద మనకు కనిపించేది. రెండోది సిస్టమ్ లోపల పెట్టుకునేది. కనిపించే పేరును ఎన్నిసార్లయినా మార్చవచ్చు, లోపలి పేరు మొదట పెట్టినదే శాశ్వతం. ఆ లోపలి పేరు 32 అక్షరాలు దాటకూడదు. తెలుగులో పేరు టైప్ చేసి కాలమ్ సృష్టిస్తే ఒక్కొక్క తెలుగు గుర్తూ ఏడు అక్షరాల కోడ్‌గా మారుతుంది, అంటే నాలుగు గుర్తులకే దాదాపు చోటు అయిపోతుంది. కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపెట్టుకునే యూనికోడ్ పద్ధతిలో వత్తులు, గుణింతాల గుర్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. "ప్రాజెక్ట్ పేరు", "ప్రాజెక్ట్ మేనేజర్" అని రెండు కాలమ్స్ పెట్టారనుకోండి, లోపల రెండింటి మొదలూ ఒకేలా తెగిపోయి, తేడా తెలియడానికి చివర ఒక అంకె తగులుతుంది. రేపు ఎవరైనా ఆ లిస్టు మీద ఆటోమేటిక్ ఈమెయిల్ వెళ్లేలా ఫ్లో రాయాలన్నా, రిపోర్టు తీయాలన్నా ఏది పేరో ఏది మేనేజరో పోల్చుకోవడానికి తల పట్టుకోవాలి. దీనికి మందు చాలా తేలిక. ముందు చిన్న ఇంగ్లిష్ పేరుతో కాలమ్ సృష్టించి, ఆ తర్వాత కనిపించే పేరును తెలుగులోకి మార్చుకోవాలి. కానీ ఆ మందు వేయడానికి ఏ కాలమ్స్ కావాలో మాకు మొదటిరోజే తెలియాలి.

లిస్టుల సైజు కూడా అంతే. ఒక లిస్టులో 5,000 అంశాలు దాటాక, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సిస్టమ్ ముందే తయారు చేసుకునే సూచిక) లేని కాలమ్ మీద ఫిల్టర్ పెడితే సిస్టమ్ మొరాయిస్తుంది. ఇండెక్స్ తర్వాత పెట్టుకోవచ్చు కదా అంటారేమో. 20,000 దాటిన లిస్టుకు కొత్తగా ఇండెక్స్ పెట్టనివ్వదు. కాబట్టి "ఈ లిస్టులో ఏడాదికి సుమారుగా ఎన్ని ఎంట్రీలు పడతాయి? వాటిని దేన్ని బట్టి వెతుకుతారు?" అని మేము అడిగితే అది కాగితం నింపడానికి అడిగే ప్రశ్న కాదు. దయచేసి "చాలా పడతాయి" అని రాసి వదిలేయకండి.

ఒక చిన్న కాలమ్ ఎంత పని చెడగొడుతుందో దగ్గరగా చూపిస్తాను. పనుల జాబితాలో "స్టేటస్" అనే కాలమ్ దాదాపు ప్రతి రిక్వెస్టులోనూ ఉంటుంది. అది ఏ రకం కాలమ్ అవ్వాలో ఎవరూ చెప్పరు, అలాంటప్పుడు సులువుగా ఉంటుందని మామూలు టెక్స్ట్ కాలమ్ పెట్టేస్తారు. కొన్ని నెలల తర్వాత ఆ లిస్టు తెరిస్తే ఒకరు "పూర్తయింది" అని రాసి ఉంటారు, ఒకరు "అయిపోయింది" అని, ఇంకొకరు "కంప్లీటెడ్" అని, మరొకరు "డన్" అని. ఒకాయన "దాదాపు అయిపోయింది, సంతకం ఒక్కటే మిగిలింది" అని పూర్తి వాక్యమే రాస్తారు. చదివే మనిషికి అన్నీ అర్థమవుతాయి. కానీ మీరు నెలాఖరున "ఎన్ని పనులు పూర్తయ్యాయి?" అని అడిగితే లిస్టు జవాబు చెప్పలేదు. ఎవరో ఒకరు ఎక్సెల్‌లోకి దించుకుని, వరుస వెంట వరుస చదువుకుంటూ చేత్తో లెక్కపెడతారు. ఆ పని తప్పించడానికే కదా టెంప్లేట్ అడిగింది!

దీనికి డ్రాప్‌డౌన్ పెడితే చాలు అనిపిస్తుంది. చాలదు. డ్రాప్‌డౌన్‌లో ఏ మాటలు ఉండాలి? "సంతకం ఒక్కటే మిగిలింది" అన్న ఆయన చెప్పింది నిజమైన దశ. మీ విభాగంలో పని పూర్తవడం వేరు, ఆమోదం రావడం వేరు అయితే అవి రెండు వేర్వేరు విలువలుగా ఉండాలి. అది మీకు తెలుసు, మాకు తెలియదు. ఒక్కోసారి విభాగాధిపతికి కూడా పూర్తిగా తెలియకపోవచ్చు, ఆ లిస్టు రోజూ నింపే మనిషికి మాత్రం తెలుసు. ఆ మనిషిని రిక్వెస్టు తయారీలో ఎవరూ పిలవరు. ఈ లేఖ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. రిక్వెస్టు రాసేవాళ్లు ఒకరు, సైట్ వాడేవాళ్లు ఇంకొకరు అవుతున్నారు. రాసే దగ్గరే వాడేవాళ్లు కూర్చోవాలి.

ఇక ఫోల్డర్లు. పాత షేర్డ్ డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్ల చెట్టు మొత్తాన్ని "ఇది ఉన్నదున్నట్టు కావాలి" అని పంపుతారు. ఆ చెట్టు ఏళ్ల తరబడి పెరిగింది. అందులో ఒకప్పటి మేనేజర్ పేరు మీద ఉన్న ఫోల్డర్ ఉంటుంది, "కొత్తవి", "చాలా కొత్తవి", "ఫైనల్", "ఫైనల్ 2" ఉంటాయి. దాన్ని టెంప్లేట్‌లో పెడితే పుట్టే ప్రతి సైట్‌లోనూ ఆ ఖాళీ ఫోల్డర్లన్నీ వరుసగా నిలబడతాయి. ఫైలు పెట్టడానికి వచ్చిన మనిషి ఏ ఫోల్డర్ తెరవాలో తెలియక అన్నిటికీ పైన, బయటే పడేసి వెళ్లిపోతారు. పైగా షేర్‌పాయింట్‌లో ఫైలు పేరుతో సహా దారి మొత్తం 400 అక్షరాలు దాటకూడదు. ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టుకుంటూ, ఒక్కోదానికీ పొడుగాటి పేరు ఇచ్చుకుంటూ పోతే ఆ హద్దు తగలడం పెద్ద కష్టం కాదు. ఫోల్డర్లు అసలే వద్దని నేను అనను. ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు అన్న తేడా ఉన్న చోట వేరే లైబ్రరీయో ఫోల్డరో ఉండటం న్యాయమే. మిగతా చోట "డాక్యుమెంట్ రకం", "నెల" లాంటి రెండు మూడు కాలమ్స్ ఆ పని బాగా చేస్తాయి. అవేమిటో మాత్రం ఫైళ్లు వెతికేవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. "నువ్వు చివరిసారి వెతికిన ఫైలు ఏది? ఏ మాట టైప్ చేసి వెతికావు?" అని అడిగి చూడండి, ఫోల్డర్ల చెట్టు కంటే ఉపయోగమైన సమాచారం దొరుకుతుంది.

హోమ్ పేజీ అందంగా ఉండాలన్న కోరికను నేను తీసిపారేయను. రోజూ చూసే పేజీ చూడబుద్ధి అయ్యేలా ఉండాలి. కాకపోతే అందం లెక్కలో కొన్ని నియమాలున్నాయి. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసుకున్న అంతర్జాతీయ మార్గదర్శకాలు, అంటే డబ్ల్యూసీఏజీ, మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా (కాంట్రాస్ట్) ఉండాలని చెబుతాయి. లోగోలో ఉన్న లేత పసుపు రంగునే తెల్ల పేజీ మీద అక్షరాలకు కూడా వాడమంటే ఆ లెక్క కుదరదు. ఎరుపు చుక్క, ఆకుపచ్చ చుక్క మాత్రమే పెట్టి స్టేటస్ చూపించడం కూడా ఆ మార్గదర్శకాలకు విరుద్ధమే. ఆ రెండు రంగుల తేడా కనిపించని సహోద్యోగులు మనలోనే ఉంటారు, కాబట్టి చుక్క పక్కన మాట కూడా ఉండాలి. మేము "ఈ రంగు వద్దండీ" అన్నప్పుడు మీ విభాగం గుర్తింపును తగ్గించాలని అనట్లేదని నమ్మండి.

హోమ్ పేజీలో ఇంకో సంగతి. వార్తల బాక్సు, క్యాలెండర్, ఫొటోల స్లైడర్, "మా టీమ్ గురించి" అన్నీ కావాలంటారు. అవి నింపేది ఎవరు? టెంప్లేట్‌తో పుట్టిన సైట్లు తెరిస్తే "మీ టీమ్ గురించి ఇక్కడ రాయండి" అన్న మా నమూనా వాక్యం నెలల తర్వాత కూడా అలాగే కనిపిస్తూ ఉంటుంది. కింద ఖాళీ క్యాలెండర్. దాని పక్కన నవ్వుతున్న ఎవరో తెలియని మనుషుల నమూనా ఫొటో. ఆ పేజీ చూసిన కొత్త ఉద్యోగికి ఈ సైట్‌ను ఎవరూ పట్టించుకోవట్లేదని క్షణంలో అర్థమవుతుంది, మళ్లీ రారు. ప్రతి బాక్సు పక్కన దాన్ని నింపే మనిషి పేరు రాయగలిగితేనే ఆ బాక్సు అడగండి. పేరు లేని బాక్సును మేము తీసేస్తాం.

అసలు టెంప్లేట్ కావాలా అన్న ప్రశ్న కూడా అడగాల్సిందే. ఒకే ఒక్క సైట్ కావాల్సినవాళ్లు కూడా టెంప్లేట్ అడుగుతున్నారు. ఒక్కటే అయితే నేరుగా సైట్ కట్టుకోవడమే మేలు. ఏడాదికి ఒకటో రెండో సైట్లు అయితే ఏమేం పెట్టాలో రాసిన ఒక పేజీ చెక్‌లిస్ట్ సరిపోతుంది. ఒక్కోసారి సైట్ మొత్తం ఎక్కడా మళ్లీ రాదు, అందులోని ఒక లిస్టు మాత్రమే అన్ని చోట్లా కావాలి. అప్పుడు ఆ లిస్టుకు మాత్రమే టెంప్లేట్ చేస్తే చాలు, పేజీకైతే పేజీ టెంప్లేట్, డాక్యుమెంట్‌కైతే వర్డ్ టెంప్లేట్. "బాగా నడుస్తున్న ఫలానా సైట్‌ను కాపీ కొట్టి ఇచ్చేయండి" అనేవాళ్లూ ఉన్నారు. వినడానికి ఇదే అన్నిటికంటే సులువు. కానీ పాత పద్ధతిలో సైట్‌ను టెంప్లేట్‌గా సేవ్ చేస్తే, ఎవరికి ఏ అనుమతి ఉందో ఆ ప్రత్యేక పర్మిషన్లు దానితో రావు. ఫైళ్ల పాత వెర్షన్లు రావు. మనుషుల పేర్లు నింపిన కాలమ్స్‌లో విలువలు కూడా రావు. రాకూడనివి మాత్రం వస్తాయి. ఆ సైట్‌లో చేత్తో పెట్టిన లింకులన్నీ పాత సైట్‌కే దారి చూపిస్తాయి. కొత్త సైట్‌లో "ఫారాలు" అన్న బటన్ నొక్కిన మనిషి తనకు తెలియకుండానే పక్క టీమ్ సైట్‌లోకి వెళ్లి, అక్కడ ఫారం నింపి వస్తారు. ఆ ఫారం కోసం ఇక్కడ ఎదురుచూసేవాళ్లకు అది ఎప్పటికీ కనపడదు.

పర్మిషన్ల గురించి రెండు మాటలు. ఎవరు చూడాలో, ఎవరు మార్చాలో మీ మాటల్లో రాసివ్వండి చాలు, గ్రూపులుగా మార్చే పని మాది. ప్రతి సైట్‌కూ ఇద్దరు ఓనర్లు ఉండాలి. ఒక్కరే ఉండి, ఆ ఒక్కరూ ఉద్యోగం మారితే, లోపలికి రావడానికి అనుమతి అడిగినవాళ్ల మెయిళ్లు చూసే దిక్కు ఉండదు.

టెంప్లేట్‌కు వయసు కూడా ఉంటుంది. దీన్ని నేను కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు చాలామంది "ఒకసారి చేసేస్తే అయిపోతుంది" అనుకుంటున్నారు. షేర్‌పాయింట్ 2001లో వచ్చింది. దాని తర్వాతి తరాల్లో ఒకటైన విండోస్ షేర్‌పాయింట్ సర్వీసెస్ 3.0 కోసం మైక్రోసాఫ్ట్ స్వయంగా 40 టెంప్లేట్లు ఉచితంగా ఇచ్చింది. హెల్ప్ డెస్క్ దగ్గర్నుంచి సెలవుల క్యాలెండర్ దాకా అందులో ఉండేవి, జనం వాటిని బాగా వాడుకున్నారు. 2010 వెర్షన్ వచ్చేసరికి ఆ 40 టెంప్లేట్లను కంపెనీ కొత్తదానికి తగ్గట్టు మార్చి ఇవ్వలేదు. వాటి మీద సైట్లు కట్టుకున్న సంస్థలు అప్‌గ్రేడ్ సమయంలో తిప్పలు పడ్డాయి. ఫారాలు తయారు చేసే ఇన్ఫోపాత్ సంగతీ అంతే, 2003లో వచ్చింది, 2013 తర్వాత కొత్త వెర్షన్ లేదు. షేర్‌పాయింట్ 2010 నాటి వర్క్‌ఫ్లోలను (పనిని ఒక దశ నుంచి ఇంకో దశకు దానంతట అదే నడిపే ఏర్పాట్లను) ఆన్‌లైన్‌లో 2020లో ఆపేశారు. తయారు చేసిన కంపెనీయే తన టెంప్లేట్లను ముందుకు మోసుకురాలేదు. అలాంటప్పుడు మన చేత్తో, మన విభాగం కోసం ప్రత్యేకంగా చేసినవాటిని ఎవరు మోయాలి? ప్లాట్‌ఫారం ఇచ్చే మామూలు సౌకర్యాలతో కట్టినంత మేరా దాని అప్‌గ్రేడ్‌ల భారం దానిదే. ప్రత్యేకంగా కోడ్ రాయించుకున్నదంతా మన భారం. "ఈ బటన్ గుండ్రంగా ఉండాలి, నొక్కితే పక్కకు జరగాలి" అని అడిగే ప్రతిసారీ ఆ భారం కొంచెం పెరుగుతుంది. ఆ బటన్ నిజంగా ఎవరి పనినైనా తేలిక చేస్తే మోద్దాం. లేకపోతే వద్దు.

అలాగే ప్రాజెక్టు ముగిశాక సైట్ ఏమవ్వాలో రిక్వెస్టులో రాయండి. చదవడానికి మాత్రమే వీలుండేలా మూసేయాలా, ఎన్నేళ్లు ఉంచాలి, ఎవరు తొలగించమని చెప్పాలి. ఇది రాయకపోతే ముగిసిన ప్రాజెక్టుల సైట్లు సెర్చ్‌లో బతికున్నవాటితో పాటు వస్తూనే ఉంటాయి. పాత ఫారం దించుకుని నింపిన ఉద్యోగిని తప్పుపట్టడం అన్యాయం, అది ఇంకా అక్కడ ఉండటమే తప్పు.

ఇప్పుడు నేను ఇది బహిరంగంగా రాయడానికి అసలు కారణానికి వస్తాను. మీ రిక్వెస్టులు మా దగ్గర పక్కపక్కన ఉంటాయి కాబట్టి మాకు కనిపించేది మీకు కనిపించదు. వేర్వేరు విభాగాలు "మాది పూర్తిగా ప్రత్యేకం" అని పంపినవి చదువుతుంటే లోపల ఒకే సరుకు ఉంటుంది. పనుల జాబితా, సమస్యల జాబితా, మీటింగ్ మినిట్స్, ముఖ్యమైన తేదీలు, మనుషులూ వాళ్ల బాధ్యతలూ. ఒక విభాగం "రిస్క్" అంటే ఇంకో విభాగం "ఇష్యూ" అంటుంది, ఒకరు "యాక్షన్ ఐటమ్" అంటే ఇంకొకరు "ఫాలో అప్" అంటారు. విడివిడిగా టెంప్లేట్లు కట్టి ఇస్తే ఎవరికివాళ్లు సంతోషిస్తారు. కానీ మన ఆఫీసులో ఒకే మనిషి రెండు మూడు విభాగాల ప్రాజెక్టుల్లో పనిచేయడం మామూలే. ఆ మనిషి పొద్దున ఒక రకం సైట్‌లో, మధ్యాహ్నం ఇంకో రకం సైట్‌లో ఒకే పనిని రెండు పేర్లతో రాయాలి. పై అధికారులు అన్ని ప్రాజెక్టుల స్థితి ఒక్క చోట చూపించమంటే, పేర్లు కలవని కాలమ్స్‌ను కలపలేక మేము చేతులెత్తేయాలి.

అందుకని నా మనవి ఇది. అందరికీ ఒకే మూల టెంప్లేట్ ఉండాలి. దాని మీద ప్రతి విభాగం తనకు నిజంగా వేరుగా ఉన్నదాన్ని మాత్రం చేర్చుకోవాలి. ఆ మూలంలో ఏముండాలో, ఏ మాటలు వాడాలో మీరందరూ ఒకే గదిలో కూర్చుని తేల్చాలి. ఆ చర్చ మా టీమ్ చేయగలిగేది కాదు. రిస్క్ అనాలా ఇష్యూ అనాలా అన్న దాంట్లో తీర్పు చెప్పే అధికారం మాకు లేదు, ఉండకూడదు కూడా. కొందరు తమ మాట వదులుకోవాల్సి వస్తుంది, అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. ఏళ్ల తరబడి వాడిన పేరు మారితే మీ టీమ్‌లో సణుగుడు ఉంటుంది, దానికి మీరే జవాబు చెప్పుకోవాలి. అయినా అడుగుతున్నాను.

ఆ గదిలోకి వచ్చే ముందు మీ విభాగంలో ఇప్పటికే ఉన్న సైట్లను ఒకసారి చూడండి. ఏ పేజీకి ఎంతమంది వస్తున్నారో గత 90 రోజుల లెక్క ప్రతి సైట్‌లోనూ దాని ఓనర్లకు కనిపిస్తుంది. ఎవరూ తెరవని పేజీని కొత్త టెంప్లేట్‌లోకి మోసుకురావడం ఎందుకు? తర్వాత మీ దగ్గర కొత్తగా చేరిన ఒకరిని, బాగా పాత ఒకరిని కూర్చోబెట్టి, కొత్తవాళ్లు పాతవాళ్లను ఈ మధ్య అడిగిన ప్రశ్నలన్నీ రాయించండి. "బిల్లు ఎవరికి పంపాలి?", "ఆమోదం వచ్చిందో లేదో ఎక్కడ తెలుస్తుంది?" లాంటివి. సైట్ జవాబు చెప్పాల్సినవి అవే ప్రశ్నలు. ఆ కాగితం చేతిరాతతో ఉన్నా సరే, ఫొటో తీసి రిక్వెస్టుకు జత చేయండి, ఏ స్క్రీన్‌షాట్ కంటే అది మాకు ఎక్కువ పనికొస్తుంది.

మూల టెంప్లేట్ తయారయ్యాక మొదటి సైట్ నిజంగా నడుస్తున్న ప్రాజెక్టుకే ఇద్దాం, నకిలీ డేటాతో డెమో వద్దు. డెమోలో అందరికీ అన్నీ నచ్చుతాయి. అసలు ప్రాజెక్టులో, గడువు దగ్గర పడినప్పుడు, జనం ఏ కాలమ్‌ను నింపడం మానేస్తారో చూడాలి. మానేసింది తీసేయాలి, లేదా ఎందుకు మానేశారో కనుక్కోవాలి. ఆ ప్రాజెక్టు కనీసం ఒక నెల చివర చూసేదాకా రెండో సైట్ పుట్టకూడదు. ఈ ఒక్క విషయంలో గడువు తేదీలతో మా మీద ఒత్తిడి తేవద్దని వేడుకుంటున్నాను. ముందే చెప్పాను కదా, పుట్టిన సైట్లకు మార్పులు వెనక్కి వెళ్లవు.

మా వైపు నుంచి ఏం చేస్తామో కూడా రాతపూర్వకంగానే ఇస్తున్నాను. మీకు బొమ్మలు చూపించి ఆమోదం అడగం, పనిచేసే సైట్ చూపించే అడుగుతాం. టెంప్లేట్ ఏమేం చేయదో దాని మొదటి పేజీలోనే రాసి పెడతాం. మీరు అడిగినదాన్ని కాదన్నప్పుడు కారణం చెబుతాం, "సిస్టమ్ ఒప్పుకోదు" అనే మాటతో సరిపెట్టం. ఏడాదికోసారి మీతో కూర్చుని ఏది తీసేయాలో చూస్తాం.

దీనంతటికీ మీ నుంచి కావాల్సింది బడ్జెట్ కంటే ముందు ఒక మనిషి. ఆ పని రోజూ చేసే మనిషి, వాళ్ల పని గంటల్లోంచే వారానికి ఇంత అని కేటాయించిన సమయంతో. ఉన్న పని తగ్గించకుండా "దీన్ని కూడా చూసుకో" అని అప్పజెబితే వాళ్లు ఏ రాత్రి పూటో నాలుగు లైన్లు రాసి పంపుతారు, మళ్లీ రంగులూ లోగోలే వస్తాయి. "ఈ కాలమ్ మాకు అక్కర్లేదు" అని మీ తరఫున చెప్పే అధికారం కూడా వాళ్లకు ఇవ్వండి. ప్రతి చిన్నదానికీ మీ సంతకం కోసం ఆగాల్సి వస్తే పని సాగదు.

కొత్త రిక్వెస్టు పంపేటప్పుడు మొదటి లైనులో ఆ మనిషి పేరు, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో రాయండి. ఇప్పటికే పంపినవాళ్లు పాతదానికే ఆ లైను చేర్చి తిరిగి పంపితే చాలు, వరుసలో మీ స్థానం అలాగే ఉంటుంది. ఉమ్మడి సమావేశానికి ఏ రోజు వీలవుతుందో కూడా అందులోనే తెలియజేయండి. మూల టెంప్లేట్‌కు మా దగ్గరున్న ముసాయిదా అందరికీ ముందుగానే పంపుతాం, మీ మనుషులతో చదివించి, గీతలు కొట్టించి మరీ తీసుకురండి.

ఇట్లు,
ఇంట్రానెట్ టీమ్‌లో ఒక ఉద్యోగి